పెద్దంగడి మేడమీద అమ్మవారి చోటు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. పనులకు పోయి అలసి వచ్చినవాళ్ళు గోడకు ఆనుకోండి, కాళ్ళు చాపుకున్నా నేనేమీ అనుకోను. నేను చెప్పబోయేది పెద్ద చదువుల మాట కాదు. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. తర్వాత చీపురు పట్టుకున్నాను, ఆ తర్వాత చీరలు మడిచాను. అయినా ఒకప్పుడు ఒక ఇంజనీరు నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, నేను చెప్పిందల్లా రాసుకున్నాడు. అన్ని మాటల్లో ఒక్క మాట తప్పు. ఈరోజు మీకు చెప్పాలనుకున్నది ఆ ఒక్క మాట సంగతే.

మాది ఉద్దనపల్లి. పెళ్ళయి హోసూరు వచ్చాను. డెబ్బైల్లో అక్కడ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా లేస్తున్నాయి. కొత్త కొత్త మనుషులు, కొత్త కొత్త భాషలు. ఈ జనమంతా ఎక్కడో ఒకచోట కొనుక్కోవాలి కదా అని ఒక శెట్టి బస్టాండుకు దగ్గరలో మేడ కట్టి అంగడి తెరిచాడు. బోర్డు మీద ఇంగ్లీషులో డిపార్ట్‌మెంట్ స్టోర్ అని రాయించాడు. ఊరు మాత్రం దాన్ని పెద్దంగడి అనే పిలిచింది. కింద పప్పూ ఉప్పూ, సబ్బులు, స్టీలు సామాన్లు, పిల్లల బొమ్మలు. మేడమీద బట్టలు. ఉద్దనపల్లి నుంచి టమేటాలు అమ్ముకోను వచ్చినవాళ్ళు ఖాళీ బుట్టలతో లోపలికి వచ్చి, ఏమీ కొనకపోయినా ఫ్యాను కింద కాసేపు నిలబడి పోయేవాళ్ళు. శెట్టి ఎవరినీ పొమ్మనేవాడు కాదు. ‘చూసిపోయినోడు రేపు కొననొస్తాడు’ అనేవాడు.

నేను ఊడ్చే పనికి చేరాను. సరుకు ఏది ఎక్కడుందో నన్ను అడిగితే చాలని మేనేజరుకు ఏడాదిలో తెలిసిపోయింది. పుస్తకం తిరగేసేలోపు నేను చెప్పేసేదాన్ని. దాంతో నన్ను మేడమీదికి పంపించి చీరలు మడిచే పని ఇచ్చారు. అక్కడ మేము అయిదారుమంది ఆడవాళ్ళం. బొత్తాలూ రిబ్బన్లూ అమ్మేది నా స్నేహితురాలు, నాకంటే రెండేళ్ళు పెద్దది. మెట్ల పక్కన ఒక టైలరు మిషను వేసుకుని జాకెట్లు కుట్టేవాడు. తమిళంలో తిట్టి, కన్నడంలో బుజ్జగించి, తెలుగులో కూలి అడిగేవాడు. ఆయన్ని మేమంతా అన్నా అనేవాళ్ళం.

ఆ మేడమీద ఒక చోటు ఉండేది. నడిమధ్యన, వీధివైపు కిటికీలకు కొంచెం ఇవతల, నాలుగు చాపలు పరిచినంత నేల. అక్కడ ఏమీ పెట్టకూడదు. బీరువా వద్దు, బల్ల వద్దు, మూట వద్దు. అంగడి తెరిచిన రోజునే శెట్టి మమ్మల్ని వరసగా నిలబెట్టి చెప్పాడు.

“ఈడ అమ్మవారు కూర్చుంటాది. దినామూ ముగ్గెయ్యండి. చుట్టూ తిరిగి పోండి. ఈడ ఎవరైనా బరువు దించినారో, ఆ దినమే వాళ్ళని ఇంటికి పంపిస్తా.”

శెట్టి అంత గట్టిగా మాట్లాడటం మేము విన్నది ఆ ఒక్కసారే. పొద్దున్నే నీళ్ళు చల్లి తుడిచి ముగ్గు వేయడం నా వంతు అయింది. శుక్రవారం కర్పూరం. పోను పోను ఊళ్ళో అది ఒక ఆచారమైంది. పెళ్ళిచీర కొన్నవాళ్ళు బిల్లు వేయించకముందు దాన్ని ముగ్గు మీద ఒక్క నిమిషం ఉంచి, కళ్ళకు అద్దుకుని తీసుకునేవాళ్ళు. ఎంతమంది పెళ్ళికూతుళ్ళ చీరలు నా ముగ్గు మీద పడుకుని లేచాయో. కొత్త బట్ట వాసన, కర్పూరం వాసన కలిసి ఒకటి వచ్చేది. అలాంటిది మళ్ళీ ఎక్కడా నా ముక్కుకు తగల్లేదు.

అంగడి ఎక్కువకాలం నడవలేదు. బస్సెక్కితే బెంగుళూరు. పండగ వస్తే జనమంతా అక్కడికే పరిగెత్తేవాళ్ళు. మా దగ్గరికి సూదీదారానికి వచ్చేవాళ్ళు. ఒకరోజు శెట్టి షట్టరు దించి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

“నెలకొకసారి దుమ్ము దులుపమ్మా. మళ్ళా తెరుస్తాను.”

ఆ మాటను నమ్మాలనిపించి నమ్మాను. నెలకొకసారి అన్నాడు, నేను శుక్రవారం శుక్రవారం పోయాను. ఖాళీ బీరువాల మధ్య ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసి వచ్చేదాన్ని. కొనేవాళ్ళు లేని అంగడిలో మన అడుగు చప్పుడు మనకే కొత్తగా వినిపిస్తుంది. అప్పుడప్పుడూ మడిచే బల్ల దగ్గర నిలబడి, లేని చీరను చేతులతో మడిచి చూసుకునేదాన్ని. నవ్వకండి. మీరూ ఒక పనిని ప్రేమగా చేసి వదిలిపెట్టి చూడండి.

అలా కొన్నేళ్ళు గడిచాయి. శెట్టి కాలం చేశాడు. కొడుకులు వేరే ఊరిలో స్థిరపడ్డారు. ఎనభైల్లో ఒకనాడు ఆ ఇంజనీరు వచ్చాడు. కృష్ణగిరిలో కాపురం, కోలారు వైపు మనిషి, ముప్పై ఏళ్ళుంటాయేమో. హోసూరు కంపెనీ ఒకటి బట్టలు కుట్టే యూనిట్టు పెట్టాలనుకుంటోందట. కొత్తగా షెడ్డు కట్టాలా, ఈ ఖాళీ మేడ పనికి వస్తుందా అన్నది చూసి చెప్పమని ఇతన్ని పంపించారు. పైన మిషన్లు, కత్తిరించే బల్లలు, బట్ట తానులు. పని చేసేది ఆడవాళ్ళు.

ఆ మాట ఊళ్ళో పాకింది. మరుసటిరోజుకే బొత్తాల స్నేహితురాలు మా ఇంటి గడపలో కూర్చుంది. అంగడి మూసినాక దాని బతుకు పూలు గుచ్చడం, ఇళ్ళలో అంట్లు తోమడం.

“ఏమే, ఆ సారు నీ మాట వింటాడంట గదా. మంచిగా చెప్పు. మనం మళ్ళా ఆ మెట్లెక్కాల.”

నిజం చెప్పనా, దానికంటే నాకే ఎక్కువ ఆశ. అంగడి కాకపోతే పోయింది, ఆ మేడమీద మళ్ళీ దీపాలు వెలిగి, బట్ట వాసన వస్తే చాలనుకున్నాను. టైలరన్నను పని నేర్పించే మాస్టరుగా పెట్టుకుంటామని కంపెనీవాళ్ళు కూడా అన్నారు. ఆయన అప్పుడే తలకు రంగు వేసుకోవడం మొదలుపెట్టాడు.

ఇంజనీరుకు ఒక చిక్కు వచ్చింది. మేడ ప్లాను కాగితాలు ఎవరి దగ్గరా లేవు. గోడలు కొట్టి చూశాడు, అక్కడక్కడా సిమెంటు రాల్చి ఇనుము చూశాడు. చివరికి నన్ను అడిగాడు.

“అమ్మా, ఈ మేడ ఇన్నాళ్ళు ఎంత బరువు మోసిందో తెలిస్తే, ఇంక ఎంత మోస్తుందో చెప్పగలను. యాడ ఏం పెట్టినారో నీకేమైనా జ్ఞాపకం ఉందా?”

“ఏ సంవత్సరానిది చెప్పల్లప్పా?”

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ మూలలో దుప్పట్ల మూటలు కిటికీ అందేదాకా. ఈ గోడకు పంచెల తానులు, ఒకటి మీద ఒకటి ఎనిమిది వరసలు. పండగ ముందు ఇంకో మూడు. కింద చోటు లేనప్పుడు స్టీలు బిందెలు తెచ్చి ఇదిగో ఇక్కడ నడుమెత్తు పేర్చినారు, ఇద్దరు మోస్తే గాని రానివి. ఇలా చెప్పుకుంటూ పోయాను. అతను టేపు పట్టి కొలుచుకుంటూ, రాసుకుంటూ వచ్చాడు. వారం రోజులు అదే పని. మధ్యాహ్నం నేను తెచ్చిన రాగిముద్దలో సగం తినేవాడు. ‘మా ఆఫీసులో ఇంత జ్ఞాపకం ఉండే బీరువా ఒక్కటీ లేదమ్మా’ అనేవాడు. నా జన్మలో నాకు దొరికిన సర్టిఫికేటు అదొక్కటే.

చివరిరోజు అమ్మవారి చోటు దగ్గరికి వచ్చాడు. బూట్లతో కాలు పెట్టబోయాడు.

“ఆడ తొక్కొద్దప్పా. అది అమ్మవారు కూర్చునే చోటు.”

“ఈడ నేల కొంచెం రాల్చి చూడల్ల కదమ్మా. కింద చూస్తే అన్ని చోట్లా స్తంభాలున్నాయి, సరిగ్గా దీని కింద లేదు.”

“ముందు నుంచీ లేదు. వాకిలి కదా, పెద్ద బీము ఏసినారు.”

కింద వాకిలి దగ్గర ఆ బీము నిజంగానే పెద్దగా కనిపించేది. చెక్క మూసి, బంగారు రంగు పూసి, శెట్టి దానికి దీపాలు కూడా వేయించాడు. ఇంజనీరు ఆ చెక్క పైపైనే కొలిచి, బీము ఇంత లావు అని రాసుకున్నాడు. నేలను రాల్చనివ్వలేదు నేను.

“మరి ఈడ ఏం బరువు పెట్టినారని రాయల్ల?”

ఇప్పుడు వినండి. ఏమీ పెట్టలేదప్పా అని నోటిదాకా వచ్చింది. కానీ ఏమీ పెట్టలేదంటే అతను అనుమానపడి, నేల పగలగొట్టి, మేడ పనికిరాదంటాడేమో అని భయం. అంతకంటే ఆశ.

“చుట్టూ ఎట్లుందో ఈడా అట్లే రాసుకోప్పా” అన్నాను.

అతను రాసుకున్నాడు. అమ్మవారి మీద గౌరవంతో చుట్టూ తిరిగిపోయాడు, పాపం. కంపెనీవాళ్ళు వేసుకున్న ప్లానులో మాత్రం కిటికీ వెలుతురు బాగా పడేది అక్కడే. కాబట్టి కత్తిరించే పెద్ద బల్ల, బట్ట తానులు కాగితం మీద అక్కడికే వచ్చాయి. అమ్మవారికి గోడమీద పటం పెడతామన్నారు. పోనీలే, అమ్మ నేలమీద నుంచి గోడమీదికి మారుతుంది, ఆడపిల్లలకు కూడు దొరుకుతుంది అని మనసుకు చెప్పుకున్నాను.

కాగితాలు సోమవారం కంపెనీకి ఇస్తానని ఇంజనీరు చెప్పి పోయాడు. ఆ ముందు శుక్రవారం నేను చివరి ముగ్గు వేయడానికి పోయాను. తన మిషను ఎక్కడ వేసుకోవాలో చూసుకుంటానని టైలరన్న కూడా వచ్చాడు, దారం కండెల డబ్బా చంకలో పెట్టుకుని. మెట్లెక్కి వచ్చిన ఆయాసంలో డబ్బా జారింది. ఒక కండె దొర్లుకుంటూ పోయి ముగ్గు మధ్యలో ఆగింది.

“చూడమ్మా, అమ్మవారికి దండం పెట్టుకోను పొయ్యింది” అని నవ్వాడు.

ఇంకొక కండె ఇంకో వైపు నుంచి దొర్లి అదే మధ్యకు వచ్చింది. ఆయన నవ్వు ఆగింది. వంగి మూడో కండెను కిటికీ వైపు నుంచి మెల్లగా వదిలాడు. అది కూడా తొందరేమీ లేకుండా, ఇంటికి పోతున్నట్టు, ఆ రెండింటి పక్కకు చేరింది.

ముగ్గుపిండి నా చేతిలోనే ఉండిపోయింది. నాకు నీళ్ళు గుర్తొచ్చాయి. అంగడి కొత్తలో ఆ చోట నీళ్ళు చల్లితే చుట్టూ ఎలా ఆరేదో అక్కడా అలాగే ఆరేది. మూడు నాలుగేళ్ళ తర్వాత నీళ్ళు మధ్యకు చేరి నిలిచేవి. అమ్మవారి చోట నీళ్ళు నిలవడం మంచిదని మేమంతా మురిసిపోయాం. ఆ నీళ్ళను కళ్ళకద్దుకునేవాళ్ళం. ఎన్నేళ్ళు ఆ నేల నాకు చెబుతూ వచ్చిందో, అన్నేళ్ళూ నేను దండం పెడుతూ వచ్చాను.

“అన్నా, ఈ మేడ కట్టిన మేస్త్రీ యాడుండాడు?”

“గురుబరపల్లి. ఉంటే ఉండాడు, లేకపోతే లేడు.”

ఉన్నాడు. శనివారం బస్సెక్కి పోయాను. కళ్ళంలో రాగులు ఎండబెట్టి కోళ్ళను తోలుతూ కూర్చున్నాడు ముసలాయన. పెద్దంగడి అనగానే కర్ర పక్కన పెట్టాడు.

“ఆ చోటు గురించి అడగను వచ్చినావా? ఇన్నేండ్లకు ఒకరు వచ్చినారు. కూర్చోమ్మా.”

ఆయన చెప్పింది ఇదీ. ఆ చోటు కింద స్తంభం ఉండేదే. పోసి, ఎండి, నిలబడింది. తెరిచే ముందు శెట్టి వీధిలో నిలబడి చూస్తే, లోపలి సరుకుల అరలకు ఆ స్తంభం అడ్డంగా కనిపించిందట. కొట్టేయమన్నాడు.

“వద్దంటిని. వినలేదు. కొట్టేసి, ఉన్న చిన్న బీము కిందనే పాత రైలు పట్టా ముక్కలు రెండు తగిలిస్తిమి. చెక్క మూసేస్తిమి. పైన బరువు పెట్టొద్దు సెట్టీ, ఎప్పుడూ పెట్టొద్దు అని చెప్తిని. ‘పనోళ్ళు రెండు దినాలు వింటారు, మూడో దినం మూట దించుతారు, ఎట్ల మేస్త్రీ’ అన్నాడు. నేనే చెప్తిని, అమ్మవారిని కూర్చోబెట్టు, ఎవరూ దించరు అని.”

కోడి ఒకటి రాగుల్లో దిగింది. ఆయన తోలలేదు.

“నా ముగ్గంతా నీ తెలివేనా మేస్త్రీ అప్పా?” అన్నాను.

“కోపం చేసుకోవద్దమ్మా. నువ్వు దినామూ ముగ్గు వేసినందుకే ఆ మేడ ఇన్నాళ్ళు నిలబడింది. పోయి సారుకి నా పేరు చెప్పు. నన్నింక ఎవరేం చేస్తారు?”

రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. ఇటు పోయే బస్సు హోసూరుకు, అటు పోయేది కృష్ణగిరికి. హోసూరు బస్సు ముందు వచ్చింది. ఎక్కితే ఇంటికి పోవచ్చు, సోమవారం కాగితాలు కంపెనీకి పోతాయి, నా స్నేహితురాలు మెట్లెక్కుతుంది, టైలరన్న మాస్టరవుతాడు, ఆ వాసన మళ్ళీ వస్తుంది. కండక్టరు రా రా అన్నాడు. నా కాలు ఫుట్‌బోర్డు మీదికి పోయింది కూడా. ఆ చోటు మీద దించే తానుల బరువు, దాని చుట్టూ నిలబడే ఆడపిల్లలు కళ్ళ ముందు మెదిలారు. కాలు వెనక్కి తీసుకున్నాను. కండక్టరు ఏదో అని పోయాడు, అతని తప్పేమీ లేదు.

కృష్ణగిరిలో ఇంజనీరు ఇల్లు వెతుక్కుని పోయేసరికి పొద్దు వాలుతోంది. భార్య కాఫీ ఇచ్చింది. బల్లమీద కవరు అంటించి పెట్టి ఉంది. నేను దాన్ని చూస్తూనే మొత్తం చెప్పాను, కండెలు, నీళ్ళు, రైలు పట్టాలు, నేను ఆడిన మాట.

అతను కవరును చేతిలోకి తీసుకున్నాడు.

“చెక్క పైపైన కొలిచిపెట్టినాను. ఊడదీసి చూడల్ల అని నాకు తెలుసమ్మా. చదువుకున్నోణ్ణి కదా. నువ్వు చెప్పకపోయింటే నాకు తెలిసేదే కాదు.”

“తెలిసేదప్పా. శానామందికి ఒకేసారి తెలిసేది.”

అతను కవరు చింపాడు.

సోమవారం చెక్క ఊడదీశారు. పట్టాలు తుప్పుపట్టి, ఒకదాని చివర గోడలోంచి వేలెడు బయటికి వచ్చేసి ఉంది. బీములో పగులు ఈ చివర నుంచి ఆ చివరదాకా. ఇంజనీరు మెట్టు మీద కూర్చుండిపోయాడు. నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరమూ తప్పు చేసినవాళ్ళమే.

ఆ మేడను సరిచేయడం కంటే కొత్త షెడ్డు వేసుకోవడమే మేలని కంపెనీ ఊరి బయటికి పోయింది. అది లేవడానికి ఏడాది పైన పట్టింది. ఆ ఏడాదంతా బొత్తాల స్నేహితురాలు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన ఒక్కరోజు మాత్రం ఇలా అంది.

“ఒక్క దినం నీ నోరు ఊరకుండలేదా? నా బిడ్డలకు కూడు నువ్వు పెడతావా?”

షెడ్డు తెరిచినప్పుడు ఇంజనీరు చెప్పి మా ఇద్దరికీ పని ఇప్పించాడు. మొదటి జీతంరోజు అది మూరెడు మల్లెలు నా జడలో తురిమింది, అంతే, మాట కలిసింది. టైలరన్న మాత్రం ఆ షెడ్డు లేచేదాకా ఆగలేకపోయాడు. కళ్ళలో పొర వచ్చింది. మాస్టరు కాకుండానే పోయాడు. తలకు వేసుకున్న రంగు వెలిసిపోయి ఉండేది చివర్లో. ఈ కథలో నాకు తీరనిది అదొక్కటే.

షెడ్డు తెరిచిన రోజు ఇంజనీరు కూడా వచ్చాడు. ఆడవాళ్ళంతా చుట్టూ ఉండగా నన్ను పిలిచి అడిగాడు.

“ఈడ అమ్మవారి చోటు యాడ పెట్టల్ల, నువ్వే చెప్పమ్మా.”

“కింద గట్టి నేల యాడుంటే ఆడప్పా” అన్నాను. అతనొక్కడే నవ్వాడు. మిగతావాళ్ళకు అర్థం కాలేదు.

పెద్దంగడి మరికొన్నేళ్ళు మూసే ఉంది, తర్వాత కొట్టేశారు. ఆ రోజు పని మానుకుని పోయి చూశాను. మిగతా నేలంతా బూడిదరంగు ముక్కలు. ఒక్కచోటి ముక్కలు మాత్రం తెల్లగా ఉన్నాయి. అన్నేళ్ళ ముగ్గుపిండి సిమెంటులోకి దిగిపోయింది. కొట్టేవాళ్ళని అడిగి ఒక ముక్క కొంగులో కట్టుకుని వచ్చాను. అదిగో, నీళ్ళ బిందె కింద పెట్టుకున్నాను. మీరు కూర్చోనొచ్చినప్పుడల్లా దాన్ని చూస్తూనే ఉన్నారు, అడగలేదు.

ఇప్పుడు కూడా హోసూరు బస్టాండులో దిగితే నా కాళ్ళు అటే తిరుగుతాయి. అక్కడ ఇప్పుడు వేరే కట్టడం ఉంది. ఎదురుగా నిలబడి గాలి పీలుస్తాను. రాదు ఆ వాసన. నేను ఆ బస్సెక్కి ఇంటికి వచ్చేసి ఉంటే కొన్నాళ్ళయినా వచ్చేదేమో అనిపిస్తుంది. ఆ కొన్నాళ్ళ తర్వాత ఏమయ్యేదో తలుచుకుని, తిరిగి వచ్చేస్తాను.

పొద్దుపోయింది, ఇక లేవండి నాయనలారా, అమ్మలారా. మీ ఇళ్ళలో లక్ష్మీదేవి వచ్చి కూర్చోవాలి. ఆమె కూర్చునే చోటు కింద ఎప్పుడూ ఒక గట్టి స్తంభం ఉండాలి. మీ ఇంటి నేల మీకేదైనా చెబుతుంటే, దండం పెట్టి ఊరుకోకుండా వినే చెవి మీకు ఉండాలి. చల్లగా ఉండండి.